పలాస గేటు ముందు ఎండుచేపల తట్ట

పలాస నుంచి తిరిగొచ్చిన రోజు మా వీధి వీధంతా నా సంచీ చుట్టూ మూగింది, జీడిపప్పు ఎంత తెచ్చావంటూ. అరకిలో అన్నాను. ఐదు రోజులు తిరిగి అరకిలోనా అని మూతులు ముడుచుకున్నారు. పలాస వెళ్లి జీడిపప్పు కొనడం ఎవరైనా చేస్తారు. నేను ఒక ఆధార్ కార్డు, ఒక పాస్‌పోర్టు, ఒక పదో తరగతి సర్టిఫికెట్ విడిపించడానికి వెళ్లాను. మూడూ నావి కావు. పదో తరగతి సర్టిఫికెట్ నాదయ్యే అవకాశమే లేదు. ఏడో తరగతిలోనే లెక్కల మాస్టారూ నేనూ ఒకరి వల్ల ఒకరికి ఉపయోగం లేదని తేల్చుకుని మర్యాదగా విడిపోయాం.

మాది భీమవరం పక్కన పల్లె. రొయ్యల ఫ్యాక్టరీలో తొమ్మిదేళ్లుగా తలలు తీస్తున్నాను. రొయ్యలవే లెండి. అక్కడ మూడేళ్లు నా పక్కన నిలబడి పనిచేసిన పిల్ల నీలవేణి. ఉద్దానం తీరంలో చేపలు పట్టే వాళ్లమ్మాయి. నన్ను వదినా అనేది, నేను ఏడిపించేదాన్ని, అలా గడిచిపోయింది. ఒకసారి ఫ్యాక్టరీ ఆఫీసువాళ్లు మా ఇద్దరి ఆధార్ కార్డులూ తీసుకుని వెనక్కి ఇవ్వకపోతే, ఉత్తరం రాసి, దాని నకలు మీద ముద్ర వేయించుకుని, వారంలో రెండూ తెచ్చాను. అప్పటినుంచి నీలవేణి లెక్కలో నేను లాయరుని. నల్లకోటు ఒక్కటే తక్కువ.

పెళ్లయ్యాక ఆమె తన ప్రాంతానికి వెళ్లిపోయి పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో చేరింది. ఈ వేసవిలో ఒకరోజు ఫోన్ చేసింది.

"వదినా, మా ఊర్లో అంగన్‌వాడీ టీచర్ పోస్టు పడింది. శుక్రవారం పది గంటలకి ఇంటర్వ్యూ. అసలు కాగితాలు సూపించాలంట. అయ్యేమో మా ఫ్యాక్టరీ బాబు బీరువాలో ఉన్నాయి. అడిగితే సీజన్ అయిపోనీ అంటన్నాడు. నువ్వొచ్చీ వదినా."

ఆ ఉద్యోగం వస్తే ఇంటికి నాలుగడుగుల దూరంలో పని. రాకపోతే మూడేళ్ల కూతురు లేవకముందే ఆటో ఎక్కి పలాస రావడం, ఆ పిల్ల ఆడుకుని అలిసిపోయాక ఇంటికి చేరడం. భర్త గుజరాత్ బోట్ల మీద. ఇంట్లో అత్త ఒక్కతే. సెలవు అడిగాను. మా సూపర్‌వైజర్ దేనికన్నాడు. తీర్థయాత్ర అన్నాను.

పలాస: సోమవారం

పలాస స్టేషన్లో దిగగానే ముక్కుకి తెలుస్తుంది ఎక్కడికొచ్చామో. జీడిగింజలు కాల్చే పొగ గాలిలోనే ఉంటుంది. కమ్మగా మొదలై, గొంతు దగ్గరికి వచ్చేసరికి కాస్త గీరుతుంది. టిఫిన్ బండి దగ్గర ఇడ్లీ మీద బొంబాయి చట్నీ పోసి ఇచ్చారు. ప్లేటు ముప్పై రూపాయలు. మా వైపు అదే ప్లేటు నలభై, చట్నీ రెండోసారి అడిగితే చూసే చూపు ఉచితం. ఇక్కడ ఆమె అడగకుండానే మళ్లీ పోసింది.

"బాగున్నాయండీ ఇడ్లీలు," అన్నాను.

"గోదారోల్లా?" అంది.

"ఎలా తెలిసిందండీ?"

"ఒక్క ఇడ్లీకి రెండు అండీలు అంటే తెలీదేటి!"

నీలవేణి ఊరెళ్లే షేర్ ఆటోలో ముందు నలుగురు, వెనక ఎనిమిది మంది, ఒక పనసకాయ. పనసకాయకి మంచి సీటు దొరికింది. నేను దాని పక్కన కూర్చుని దారి పొడుగునా ముళ్లు గుచ్చుకుంటూ ఉద్దానం చూశాను. మాకు పొలం అంటే కనుచూపు మేర పచ్చటి చాప పరిచినట్టు ఉంటుంది, లేదంటే చెరువు. ఇక్కడ ఆకాశం కనబడాలంటే తలెత్తాలి. కొబ్బరి, దాని కింద జీడిమామిడి, మధ్యలో పనస. ఇసక నేలంతా ఎర్రటి జీడిపళ్లు రాలి ఉన్నాయి. పండుని వదిలేసి కింద వేలాడే గింజ కోసం కొట్టుకునే ప్రాంతం ఇదొక్కటే అనుకుంటాను.

తీరం: మంగళవారం పొద్దున్న

నీలవేణి అత్త పేరు దాలమ్మ. ఎండుచేపలు తట్టలో పెట్టుకుని పలాస వీధుల్లో అమ్ముతుంది. సోమవారం సాయంత్రం నేను వెళ్లేసరికి పచ్చి జీడిపప్పు కూర వండి పెట్టింది. పెంకు గట్టిపడని గింజల్లోంచి తీసిన లేత పప్పు అది. మా వైపు జీడిపప్పు అంటే పాయసం మీద నాలుగు కనిపిస్తే గొప్ప, అవి కూడా మగపెళ్లివారి గిన్నెలోనే. ఇక్కడ కూరంతా అదే. పక్కన వేయించిన నెత్తళ్లు.

"తినమ్మా తిను. మీ ఊర్లో రొయ్యల తలకాయలు తీత్తావంట గదా. తలకాయలు ఏటి సేత్తారు?"

"పారేస్తారు అత్తా."

"రుసంతా పారేసి ఒళ్లు తింతారా! సదువుకున్నోల్లు గావాల."

మర్నాడు పొద్దున్నే పడవలు వచ్చే వేళకి ఒడ్డుకి తీసుకెళ్లింది. అక్కడే నేను ఊరంతా గుర్తుంచుకునే పని చేశాను. ఒక చేపల కుప్ప ముందు ఖాళీ తట్ట ఉంది. కూర్చోడానికి చోటు కోసం దాన్ని కాలితో కొంచెం పక్కకి జరిపాను.

"ఓలమ్మో! ఎవులే అది? తట్టని తన్నీసింది!"

పడవ దగ్గర తాళ్లు లాగేవాళ్లు లాగడం ఆపేశారు. బేరమాడే ఆడవాళ్లు నోళ్లు మూశారు. అది ఎంత అరుదో తర్వాత చెప్పారు. నీలవేణి పరుగెత్తుకొచ్చి నన్ను పక్కకి లాగింది.

వాళ్ల ఊరి పద్ధతి ఇది. కుప్ప ముందు ఎవరైనా ఖాళీ తట్ట పెట్టారంటే, "ఇందులో నాకు రావాల్సింది ఉంది, తేలేదాకా కదలను" అని చెప్పినట్టు. ఆ మనిషి పక్కకి వెళ్లినా తట్ట అక్కడే ఉంటుంది. దాన్ని ఎవరూ జరపరు, దాటరు. అందులో ఏదో ఒకటి పడి, తట్ట గలామె "ఒప్పుకున్నాను" అనాలి. అప్పుడే ఎత్తుతుంది. ఖాళీగా ఎత్తితే ఆ రోజు వల కూడా ఖాళీ అని నమ్మకం.

నేను తన్నింది దాలమ్మ తట్టే. అందరూ నా వైపు చూస్తున్నారు. నా దగ్గర ఉన్నది రైల్లో కొన్న వేరుశనగ చిక్కీ ఒక్కటే, అది కూడా సగం కొరికినది. వేశాను.

దాలమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "నీ పళ్ల గుర్తులున్నాయి," అంది. కాసేపు నన్ను ఉడికించి, "సాల్లే, సుట్టానివి. ఒప్పుకున్నాను," అంది. ఒడ్డంతా నవ్వింది. మళ్లీ బేరాలు మొదలయ్యాయి.

ఫ్యాక్టరీ: మంగళవారం పదకొండు గంటలు

నీలవేణి పనిచేసే చోటు చిన్నదే. రేకుల షెడ్డు, వెనక గింజలు ఉడికించే డ్రమ్ము, ముందు ఆఫీసు గది. లోపల ముప్పై మంది దాకా ఆడవాళ్లు నేల మీద కూర్చుని పప్పు మీది పొట్టు తీస్తున్నారు. నీలవేణిది పప్పు ఏరే పని. గుండు పప్పు ఒక పళ్లెంలోకి, బద్ద ఒక పళ్లెంలోకి, ముక్క ఒక పళ్లెంలోకి. చూడకుండానే చెయ్యి ఏరేస్తుంది. అలాంటి చెయ్యి దొరకడం కష్టం. ఆమె కాగితాలు బీరువాలో ఎందుకున్నాయో ఆ చేతిని చూడగానే అర్థమైంది.

యజమాని చెడ్డవాడిలా ఉంటే నా పని సులువయ్యేది. చూస్తే మంచి షర్టు, నవ్వు మొహం. కాఫీ ఇప్పించాడు, పళ్లెంలో వేయించిన పప్పు పెట్టించాడు. అన్నీ గుండ్లే, ఒక్క బద్ద లేదు. ఈ మనిషితో పోట్లాడ్డం కష్టమని అనుకుంటూనే సగం తినేశాను.

"నీలవేణి మా ఇంటి పిల్లలాటిది," అన్నాడు.

"మీ ఇంటి పిల్లల కాగితాలు కూడా ఇదే బీరువాలో పెట్టారాండీ?"

"అవి ఇంట్లో ఉంటాయమ్మా."

"వాళ్లు అడిగితే ఇస్తారా?"

"ఎందుకివ్వను?"

"అయితే ఈ పిల్ల కూడా అడుగుతోందండీ."

ఆయన నవ్వు సగంలో ఆగింది. "సూడమ్మా, కాగితాలు ఇచ్చేస్తే రేపట్నుంచి రాదు. సీజన్ మధ్యలో ఏరేవాళ్లు ఎక్కడ దొరుకుతారు? బద్రంగానే ఉంచాను గదా. సీజన్ అవగానే నా సేత్తో నేనే ఇస్తాను."

నేను రాసుకొచ్చిన ఉత్తరం తీశాను. నాలుగే ముక్కలు: ఫలానా తేదీన నా ఆధార్ కార్డు, పాస్‌పోర్టు, పదో తరగతి సర్టిఫికెట్ మీ దగ్గర పెట్టుకున్నారు, నాకు శుక్రవారం ఇంటర్వ్యూ ఉంది, గురువారం లోపు తిరిగి ఇవ్వండి, ఇట్లు నీలవేణి. ఒకటి ఆయనకి, ఒకటి మాకు. "మా కాపీ మీద అందినట్టు సంతకం పెట్టండి," అన్నాను. సంతకం అనగానే ఆయన చెయ్యి పప్పు పళ్లెం కిందకి వెళ్లిపోయింది.

బయటికొచ్చాక నీలవేణిని కడిగేశాను. "అసలు కాగితాలు ఇచ్చేదానివి, నీకు బుర్రుందా? రొయ్యల ఫ్యాక్టరీలో నేర్చుకున్నది ఏం చేశావు?"

"పన్లోకి వత్తానని మాటిచ్చాను గదా వదినా. గుర్తుగా ఎట్టమన్నాడు, ఎట్టీసినాను. మా ఒడ్డున తట్ట ఎట్టినట్టే అనుకున్నాను. ఇప్పుడు తీసుకుంటే మాట తప్పినట్టు ఉంటాదని సిగ్గుగా ఉన్నాది."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఎవరి అలవాటు ఎక్కడ పట్టుకుంటుందో చూడండి. "ఒసేయ్," అన్నాను, "మీ ఒడ్డున తట్ట పెట్టినవాళ్లది తట్ట పోతుందా? కుప్ప ఎవరిదైనా, తట్ట మాత్రం పెట్టినామెదేగా?"

 ఆమె నడక కొంచెం మారింది.

పలాస: జిరాక్సు షాపు

ఈ యాత్రలో నాకు బాగా నచ్చిన మనిషి జిరాక్సు షాపతను. లోకంలో అన్ని కష్టాలకీ అతని దగ్గర ఒక ఫారం ఉంటుంది. మా కథ విని, "ఇంత దానికి ఏటమ్మా! పోయినాయని స్టేషన్లో రాసిచ్చీండి. కొత్తవి వచ్చేత్తాయి," అన్నాడు.

"ఎక్కడ పోయాయని రాయాలి?"

"బస్సులో పోయినాయని అందరూ రాత్తారు."

ఈ లెక్కన పలాస బస్సుల్లో ఎన్ని కాగితాలు పోయాయో. నాకు ఆ సలహా నచ్చలేదు. కాగితాలు ఎక్కడున్నాయో తెలిసి పోయాయని రాస్తే రేపు అబద్ధం మనదవుతుంది, బీరువా ఆయనదే అవుతుంది. అందుకని ఆ ఉత్తరాన్నే రిజిస్టర్డ్ పోస్టులో, అందినట్టు సంతకం కార్డు తిరిగొచ్చేలా పంపాం. కింద "నకలు: కార్మిక శాఖ అధికారి గారికి" అని కలిపాను. పోస్టాఫీసు నుంచి ఫ్యాక్టరీ కనిపిస్తూనే ఉంది. క్లర్కు అడ్రసు చూసి, "నడిచెల్లి ఇచ్చీవచ్చు గదా," అంది.

"ఇచ్చామండీ. పుచ్చుకోలేదు."

ఆమె గట్టిగా ముద్ర కొట్టింది. ఆ ముద్ర చప్పుడు విని నీలవేణికి మొదటిసారి నవ్వొచ్చింది.

టెక్కలి: బుధవారం

టెక్కలి బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దాయన కోటబొమ్మాళి సంతలో గొర్రె కొన్న కథ మొదలుపెట్టాడు. టెక్కలి వచ్చేసినా గొర్రె ఇంకా ఇంటికి చేరలేదు. ముగింపు తెలియకుండానే దిగిపోయాను. ఇప్పటికీ బాధగానే ఉంది.

కార్మిక శాఖ ఆఫీసు ఒక మేడ మీద ఉంది. అధికారిణి నడివయసావిడ, డబ్బా తెరిచి పులిహోర తింటోంది. మమ్మల్ని చూసి మూత పెట్టబోయింది. "కానివ్వండమ్మా, మీరు తింటే మాకు ధైర్యం," అన్నాను. ఆవిడ నవ్వింది. అక్కడే సగం పని అయింది.

మొత్తం విని, నీలవేణినే అడిగింది, నన్ను కాదు. "నువ్వు చెప్పు. నీ ఇష్టంతో ఇచ్చావా?"

"పన్లో సేరాలంటే ఇయ్యాలన్నారమ్మా."

"అడిగావా తిరిగి?"

"మూడుసార్లు అడిగినాను. మా వదిన ఒకసారి అడిగింది. పోస్టులో కూడా అడిగినాము." పోస్టు రసీదు తీసి బల్ల మీద పెట్టింది.

ఆవిడ ఆ రసీదు చూసి తల ఊపింది. తర్వాత చెప్పినవి నాకు గుర్తున్నంత వరకు మీకూ చెబుతాను, ఎవరికైనా అక్కరకొస్తాయి. పనిచ్చేవాళ్లు కార్డు చూసుకోవచ్చు, జిరాక్సు తీసుకోవచ్చు. అసలుది దాచుకునే హక్కు లేదు. పాస్‌పోర్టయితే మరీను, అది ప్రభుత్వం సొత్తు, యజమాని అనేవాడు బీరువాలో పెట్టుకోడానికి కుదరదు. అడగడం ఎప్పుడూ రాతలో అడగాలి, నకలు దగ్గర పెట్టుకోవాలి. ఇవ్వకపోతే ఇక్కడ ఫిర్యాదు, పోలీసు స్టేషన్లో ఫిర్యాదు. కోర్టు దగ్గర న్యాయ సేవల వాళ్లు ఇలాంటివాళ్లకి డబ్బు తీసుకోకుండా వకీలుని ఇస్తారు. కాగితాలు ఇస్తామని చెప్పి తెల్లకాగితం మీద సంతకం అడిగితే పెట్టకూడదు. పోయాయని దొంగ ఫిర్యాదు అసలే వద్దు.

"ఆధార్ మళ్లీ తీసుకోవచ్చు, సులువే," అంది ఆవిడ. "పదో తరగతిది మళ్లీ రావాలంటే వారాలు పడుతుంది. నీకున్నది రెండు రోజులు. అందుకని ఆ బీరువాలోంచే రావాలి."

అప్పుడే ఫోన్ తీసి ఫ్యాక్టరీ బాబుకి చేసింది. ఆయన గొంతు మాకూ వినిపించింది. అంత తియ్యగా ఉంది. "రేపు పొద్దున్నే ఇచ్చేస్తానమ్మా, తప్పకుండా." మా ఫిర్యాదు మీద ఆవిడ నంబరు వేసి, నకలు మీద ముద్ర కొట్టి ఇచ్చింది. "రేపు మధ్యాహ్నానికి రాకపోతే నాకు ఫోన్ చెయ్యి. నేనే వస్తాను."

మెట్లు దిగుతుంటే నీలవేణి అంది, "వదినా, ఆవిడ నువ్వు లాయరువేమో అనుకున్నాది."

"అనుకోలేదు. పులిహోర పెడుతుందేమో అని నేను చూసిన చూపుతోనే తెలిసిపోయింది."

గేటు: గురువారం

పొద్దున్న ఆటోలో మాతో దాలమ్మ కూడా ఎక్కింది. ఎండు కవళ్ల చేపలు అమ్ముకోడానికి పలాస వస్తోంది. ఆ వాసనకి ఆటోలో మాకు కావలసినంత చోటు దొరికింది. వీధుల్లో ముందు సరుకు అమ్మేసుకుని, తొమ్మిదికల్లా ఖాళీ తట్టతో ఫ్యాక్టరీ దగ్గర మమ్మల్ని కలిసింది.

బాబు గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. "బీరువా తాళం మా ఆవిడ దగ్గరుండిపోయింది. ఆవిడ పుట్టింటికెల్లింది. రేపు సాయంత్రం వచ్చేస్తుంది," అన్నాడు.

ఇంటర్వ్యూ రేపు పొద్దున్న పది గంటలకి. నీలవేణి మొహం చూశాను. ఏడుస్తుందేమో అనుకున్నాను. నేను అధికారిణికి ఫోన్ కలపబోతుంటే, నీలవేణి అత్త చేతిలోంచి తట్ట తీసుకుంది. గేటుకి సరిగ్గా మధ్యలో పెట్టింది.

"ఏటే అది?" అన్నాడు బాబు.

"మా అత్త తట్ట బాబూ. ఎట్టింది మాత్రం నాను."

అప్పుడే పన్లోకి వచ్చే ఆడవాళ్ల ఆటో ఆగింది. పది పన్నెండు మంది, అందరూ తీరం ఊళ్లవాళ్లే. తట్ట చూసి ఆగిపోయారు. వెనక ఇంకో ఆటో. వాళ్లూ ఆగారు. లోపల డ్రమ్ములో గింజలు ఉడుకుతున్నాయి, బయట మనుషులు నిలబడి ఉన్నారు, మధ్యలో ఒక వాసన.

"లోనకి రండే, గింజలు మాడిపోతాయి!" అన్నాడు బాబు.

"తట్ట ఉన్నాది బాబూ," అంది ఒకామె, అడ్డంగా లారీ ఉందని చెప్పినంత మామూలుగా.

బాబుకి ఈ పద్ధతి తెలుసు. ఈ నేల మీద పుట్టినవాడే. లోపలికి వెళ్లి దోసెడు గుండు పప్పు తెచ్చి తట్టలో పోశాడు. "ఇంక ఎత్తు దాలమ్మా."

దాలమ్మ వంగి ఒక పప్పు నోట్లో వేసుకుంది. నమిలింది. "బాగున్నాది," అంది. "ఒప్పుకోను."

నేను చిక్కీ కథ తలుచుకుని పొంగిపోయాను. నా ఎంగిలి చిక్కీ గెలిచిన చోట ఆయన గుండు పప్పు ఓడిపోయింది.

సరిగ్గా అప్పుడు సైకిల్ బెల్లు మోగింది. పోస్ట్‌మ్యాన్. చేతిలో మా రిజిస్టర్డ్ ఉత్తరం. గేటు దాకా వచ్చి, తట్ట చూసి, ఒక కాలు నేల మీద పెట్టి ఆగాడు.

"రిజిస్టర్ బాబూ. సంతకం ఎట్టండి."

"ఇలా తే."

"నాను దాటను బాబూ. మాది కూడా ఒడ్డూరే. మీరే వంగండి."

ముప్పై మంది చూస్తుండగా ఫ్యాక్టరీ యజమాని తట్ట మీదుగా, ఎండుచేపల వాసన మీదుగా వంగి, ఆ కార్డు మీద సంతకం పెట్టాడు. మంగళవారం పప్పు పళ్లెం కింద దాక్కున్న సంతకం అదే. కవరు చించి చదివాడు. చివరి ముక్క రెండుసార్లు చదివినట్టున్నాడు.

"టెక్కలి ఆవిడ మధ్యాహ్నం వస్తానన్నారండీ," అన్నాను. "తాళం గురించి ఆవిడకి మీరే చెబుతారా, నన్ను చెప్పమంటారా?"

నీలవేణి ముందుకొచ్చింది. ఈసారి నేను నోరు మూసుకున్నాను. నా జీవితంలో అలా మూసుకున్న సందర్భాలు తక్కువ కాబట్టి రాస్తున్నాను.

"బాబూ, నా పని నచ్చి ఉంచుకున్నావు, కాదన్ను. పోస్టు వత్తే నా బదులు ఏరడానికి మా తోటికోడలికి వారం రోజులు దగ్గరుండి నేర్పుతాను. అది నా మాట. మాట నీ దగ్గర ఉంచుకో. కాగితం నాది, ఇచ్చీ."

 ఆయన నడుము దగ్గర చెయ్యి పెట్టాడు. పుట్టింటికి వెళ్లిన తాళం మొలతాడుకే ఉంది. ఎవరూ నవ్వలేదు. నేను దగ్గాను.

లోపల్నుంచి బ్రౌన్ కవరు తెచ్చి తట్టలో పెట్టాడు. నీలవేణి తెరిచి చూసుకుంది: కార్డు, పాస్‌పోర్టు, సర్టిఫికెట్. మూడూ ఉన్నాయి. దాలమ్మ నడుం వంచి తట్ట అంచు పట్టుకుంది. "ఒప్పు..."

"అత్తా, ఆగు," అంది ఆటో దగ్గర్నుంచి ఒకామె. వచ్చి తట్ట పక్కన నిలబడింది. "బాబూ, నాది కూడా ఉన్నాది గదా."

ఆమె వెనక ఇంకొకామె. ఆ వెనక ఇద్దరు. దాలమ్మ తట్ట వదిలేసి చేతులు కట్టుకుని నిలబడింది. బాబు నాలుగుసార్లు లోపలికీ బయటికీ తిరిగాడు. ఐదోసారి విసుగొచ్చి సొరుగు సొరుగంతా లాగి తెచ్చి తట్టలో బోర్లించాడు.

"ఒప్పుకున్నాను!" అంది దాలమ్మ.

ఆ అరుపుకి లోపల డ్రమ్ము దగ్గరున్నవాడు బయటికొచ్చాడు. ఆడవాళ్లందరూ తట్ట చుట్టూ కూర్చుని ఎవరివి వాళ్లు ఏరుకున్నారు. చదువు రానివాళ్లు ఫొటోలు చూసి ఏరుకున్నారు. "ఇది నానేనేటి! ఇంత సన్నంగా ఉండీదాన్నా!" అని ఒకరి మీద ఒకరు పడి నవ్వుకున్నారు. ఐదు నిమిషాల్లో ఏరడం అయిపోయింది. వాళ్ల పనే అది. తర్వాత అందరూ లోపలికి వెళ్లి ఎప్పట్లాగే పన్లో కూర్చున్నారు. ఒక్కరూ మానలేదు. బాబు అది చూసి గుమ్మం దగ్గర అలాగే నిలబడిపోయాడు. కాగితాలు బీరువాలో లేకపోయినా మనుషులు వస్తారని ఆయనకి ఎవరూ చెప్పినట్టు లేదు.

"జిరాక్సులైనా తీసుకోవచ్చా?" అన్నాడు నాతో, కాస్త చిన్నబోయి.

"తీసుకోండి బాబూ. జిరాక్సు షాపతను మంచివాడు."

నేను వెళ్లేటప్పుడు పొట్లం కట్టించి ఇచ్చాడు. మా వీధి మూతులు ముడుచుకున్న అరకిలో అదే. డబ్బులు ఇవ్వబోతే తీసుకోలేదు. పొట్లం విప్పి చూశాను. అన్నీ గుండ్లే.

ఆర్డీవో ఆఫీసు: శుక్రవారం

నీలవేణి లేత పసుపు చీర కట్టుకుంది. కాగితాలు రాత్రంతా దిండు కింద పెట్టుకుని పడుకుందట. అయినా కాసేపు తట్టలో ఉన్నందుకు వాటి గుణం మారిపోయింది. లోపల బల్ల వెనక ముగ్గురు అధికారులు. తలుపు తీసే ఉంది కాబట్టి నేను వరండాలోంచి అన్నీ చూశాను.

ఒకాయన సర్టిఫికెట్ అందుకుని దగ్గరగా పెట్టుకుని చదివాడు. ఆగాడు. దూరంగా పెట్టి చదివాడు. పక్కావిడకి ఇచ్చాడు. ఆవిడ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది.

"స్థానికురాలివేనా?" అని అడగబోయి, ఆయనే నవ్వేశాడు. "వద్దులే, తెలుస్తోంది."

అసలువి సరిపోయాయని రాసుకున్నారు. పిల్లలకి పాట నేర్పడం వచ్చా అని అడిగితే, వల లాగేటప్పుడు పాడేది ఒకటి పాడింది. బయటికొచ్చి నన్ను పట్టుకుని గిరగిర తిప్పింది. పక్క వారం జాబితా పెట్టారు. అందులో తన పేరుందని ఫోన్ చేసినప్పుడు, వెనక దాలమ్మ గొంతు వినిపించింది: "ఒప్పుకున్నారని సెప్పు!"

తిరుగు రైలు

మధ్యాహ్నం బండికి నన్ను ఎక్కించడానికి ఇద్దరూ వచ్చారు. దాలమ్మ నా సంచీలో నెత్తళ్ల పొట్లం దూర్చింది. మా ఊరి చేపలకి ఉప్పు చాలదని ఆవిడ అభిప్రాయం. ఎక్కడ దూర్చిందో చూసుకోలేదు. అదే నా చివరి పొరపాటు.

శ్రీకాకుళం రోడ్డు స్టేషన్ దాటాక టీటీఈ వచ్చాడు. టికెట్ చూసి, "ఐడీ చూపించమ్మా," అన్నాడు. సంచీ తెరిచాను. నా ఆధార్ కార్డు నెత్తళ్ల పొట్లం కింద ఉంది. తీసి ఆయన చేతికి ఇవ్వబోయాను.

ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు. "సరే సరే, కనిపిస్తోంది. మీ దగ్గరే ఉంచుకోండమ్మా."

తొమ్మిదేళ్ల నుంచి ఉద్యోగం చేస్తున్నాను. నా కార్డు నా దగ్గరే ఉంచుకోమని నన్ను బతిమాలిన మొదటి మనిషి ఆయనే.